ఆర్సీ ట్రక్కు పాఠాలు – 4: టైరు బాడీకి ఒరుసుకుంటుంటే

పోయిన పాఠంలో ఆర్సీ ట్రక్కుకు, అంటే రిమోట్‌తో నడిపే చిన్న ట్రక్కుకు, పెద్ద టైర్లను రిమ్ములకు అంటించడం నేర్చుకున్నాం. వాటితో బండి నడిపినవాళ్లలో కొందరికి ఈపాటికి ఓ చప్పుడు వినిపించి ఉంటుంది. మలుపులో బర్రుమని, గెంతి నేలమీద పడినప్పుడు టప్పుమని. బాడీ తీసి చూస్తే లోపలి రంగు గీసుకుపోయి, టైరు అంచున నల్లటి పొడి కనిపిస్తుంది. దీన్ని వదిలేయకండి. రబ్బరు అరగడం ఒక్కటే కాదు, మోటారుకు బ్రేకు పట్టినట్టై వేడెక్కుతుంది. ఒక్కోసారి టైరు బాడీ అంచును లోపలికి లాక్కుని చీల్చేస్తుంది కూడా.

చాలామంది వెంటనే కత్తెర అందుకుంటారు. నా మొదటి బండికి నేనూ అదే చేశాను. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు చూసి, మడ్‌గార్డు పైఅంచు చుట్టూ సెంటీమీటరు కోసేశాను. ఒరుసుకోవడం ఆగలేదు. తగులుతున్నది పైన కాదు, తలుపు కింది మూల దగ్గర. మూడు సాయంత్రాలు కూర్చుని రంగు వేసుకున్న బాడీ అది. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం ఎక్కడ తగులుతోందో వెతకడానికే ఇస్తున్నాను.

నాలుగు షాకుల (కుదుపులు తగ్గించే షాక్ అబ్జార్బర్ల) స్ప్రింగులూ తీసేయండి. షాకులను మళ్లీ వాటి చోటే బిగించండి. ఇప్పుడు బండి పూర్తిగా కిందికి కూర్చుంటుంది. పెద్ద గెంతు తర్వాత ఒక్క క్షణం అది ఉండేది ఈ స్థితిలోనే. మోటారు తీగలు ఊడదీసి, బ్యాటరీ పెట్టి, రిమోట్‌తో స్టీరింగును ఒకసారి పూర్తిగా ఎడమకు, ఒకసారి పూర్తిగా కుడికి తిప్పండి. టైర్లకు ముందే సుద్దపొడి బాగా పట్టించి ఉంచితే, తగిలిన ప్రతిచోటా బాడీ లోపల తెల్లటి గుర్తు పడుతుంది. తర్వాత ఒక ముందు చక్రం కింద చెక్కముక్క పెట్టి, ఆ మూలను చేత్తో నొక్కుతూ మళ్లీ తిప్పండి. రాళ్లమీద ఎక్కించే క్రాలర్ బండ్లకు ఈ రెండో పరీక్ష తప్పనిసరి. వాటిలో ఒక చక్రం పైకి లేస్తే ఇంకోటి కిందికి దిగుతుంది. నాలుగూ ఒకేసారి నొక్కితే అసలు తగిలే చోటు బయటపడదు.

గుర్తులు చూశాక కారణం ఆలోచించండి. టైరు వ్యాసం 10 మి.మీ. పెరిగితే ఇరుసు నుంచి టైరు అంచు వరకు దూరం 5 మి.మీ. పెరిగినట్టు. అంటే పైన, ముందు, వెనక అన్నివైపులా 5 మి.మీ. ఖాళీ తగ్గుతుంది. వెడల్పు సంగతి వేరు. ముందు చక్రం తిరిగేది తన మధ్యలో కాదు, లోపలివైపు ఉన్న పిన్ను చుట్టూ. తలుపు రెక్క ఎంత వెడల్పైతే తెరిచినప్పుడు అంత చోటు ఊడ్చుకుపోతుంది కదా, ఇదీ అంతే. పిన్ను నుంచి చక్రం మధ్యకు 20 మి.మీ. ఉంటే, 30 డిగ్రీలు తిప్పినప్పుడు చక్రం 10 మి.మీ. ముందుకో వెనక్కో జరుగుతుంది. వెడల్పు హెక్సులు (చక్రాన్ని ఇరుసుకు పట్టించే ఆరు పలకల ముక్కలు) వేసి ఆ దూరాన్ని 25 చేస్తే జరిగేది 12.5 మి.మీ. అందుకే చక్రాలను బయటికి జరిపితే ఒరుసుకోవడం పోతుందన్న సలహాను ముందు చక్రాల విషయంలో నేను ఒప్పుకోను. టైరు లోపలి అంచు షాకుకో, చాసిస్‌కో తగులుతుంటేనే అది పనికొస్తుంది. బంపరుకో తలుపుకో తగులుతుంటే ఇంకా ఎక్కువవుతుంది. పైగా బేరింగుల మీద బరువూ పెరుగుతుంది.

ఇక సరిచేయడం. ముందుగా బాడీ సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. బాడీ పోస్టుల (బాడీని నిలబెట్టే నిలువు కడ్డీల) రంధ్రాలు 2, 3 మి.మీ. పక్కకు పడి, బాడీ ఒకవైపు జరిగి ఉండడం చాలా మామూలు. ఒకే చక్రం తగులుతుంటే మొదటి అనుమానం దీనిమీదే. తర్వాత క్లిప్పును పోస్టులో ఒక రంధ్రం పైకి మార్చి చూడండి. పల్చటి పాలికార్బొనేట్ బాడీ తేలిక కాబట్టి కొంచెం ఎత్తినా బండి తీరు పెద్దగా మారదు. గట్టి ప్లాస్టిక్ బాడీ అయితే బరువు పైకి వెళ్లి మలుపుల్లో పల్టీ కొట్టే అవకాశం పెరుగుతుంది.

గెంతినప్పుడు మాత్రమే తగులుతుంటే షాకు కదలికను తగ్గించాలి. షాకు కడ్డీ మీద, బయటివైపు, 2 లేదా 3 మి.మీ. సిలికాన్ ట్యూబు ముక్క ఎక్కించండి. షాకు ఆర్మ్‌కు (చక్రాన్ని చాసిస్‌కు కలిపే చేయికి) మధ్యలో బిగించి ఉంటే, 3 మి.మీ. ముక్క చక్రం దగ్గర దాదాపు 6 మి.మీ. ఆపుతుంది. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ముక్కను షాకు లోపల పిస్టను కింద పెడితే చక్రం కిందికి దిగడం తగ్గుతుంది తప్ప పైకి లేవడం ఆగదు. రెండోది, స్ప్రింగును బిగించి సరిపెట్టుకోవడం. బండి ఎత్తుగా నిలబడుతుంది, నిజమే. కానీ గట్టిగా పడినప్పుడు షాకు పాత చోటు వరకు వెళ్తూనే ఉంటుంది.

పూర్తిగా తిప్పినప్పుడే, అదీ చివరి రెండు మూడు డిగ్రీల్లోనే తగులుతుంటే, రిమోట్‌లో స్టీరింగు ఎండ్ పాయింట్ (చక్రం ఎంతవరకు తిరగాలో చెప్పే హద్దు) కొద్దిగా తగ్గించండి. అంతకన్నా ఎక్కువ తగ్గిస్తే బండి తిరగడానికి మైదానమంత చోటు కావాలి. అలా చేయడం కన్నా కోయడమే మేలు.

కోయాల్సి వస్తే సుద్ద గుర్తు బయట అంచు వెంబడి మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద గీత గీయండి. వంపు కత్తెరతో ఒక్కో విడతకు 2 మి.మీ. మించకుండా కోస్తూ, ప్రతిసారీ బాడీ పెట్టి చూడండి. చివరికి 4, 5 మి.మీ. ఖాళీ మిగలాలి. బల్ల మీద 1 మి.మీ. చాలనిపిస్తుంది గానీ, వేగంలో మెత్తటి టైర్లు మధ్యలో ఉబ్బుతాయి. ఆ ఉబ్బు చూడాలని చక్రాలు గాల్లో పెట్టి ఫుల్ థ్రాటిల్ ఇవ్వకండి, టైరు చిరిగి ముఖానికి తగలొచ్చు. కోత ఎక్కడా కోసుగా మూల తిరగకూడదు, గుండ్రంగా ఉండాలి. చీలిక మొదలయ్యేది మూలల దగ్గరే. అంచును 400 నంబరు ఉప్పుకాగితంతో నునుపు చేయండి. ఇప్పటికే చీలిక ఉంటే దాని కొసన 2 మి.మీ. రంధ్రం వేయండి, ఇంకా ముందుకు పాకదు.

స్ప్రింగులు మళ్లీ వేసి, మోటారు తీగలు కలిపి, కొత్తగా సుద్దపొడి పట్టించి ఒక బ్యాటరీ పూర్తయ్యేదాకా నడపండి. లోపల గుర్తు లేకపోతే ఈ పని అయిపోయినట్టే. ఆగగానే మోటారును మాత్రం ఒకసారి జాగ్రత్తగా తాకి చూడండి. పెద్ద టైరు వల్ల గేరింగు కూడా మారిపోయింది. వేలు పెట్టి ఉంచలేనంత వేడిగా ఉంటే బండిని పక్కన పెట్టండి. చిన్న పినియన్ (మోటారు కడ్డీకి ఉండే పళ్ల చక్రం) ఎలా ఎంచుకోవాలో, ఎలా బిగించాలో అయిదో పాఠంలో చేద్దాం.