చిన్న మెమరీ చిప్ కంపెనీ షేరు కొనేముందు వేసుకోవాల్సిన లెక్కలు

కంప్యూటర్లు, ఫోన్లలో వాడే ప్రధాన మెమరీ చిప్ డీర్యామ్. దాని మార్కెట్లో సింహభాగం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్‌లదే. ఎవర్‌స్పిన్, జీఎస్‌ఐ టెక్నాలజీ, వీబిట్ నానో లాంటి చిన్నవి వాటి జోలికి పోవు. ఎంర్యామ్, ఎస్‌ర్యామ్, రీర్యామ్ అనే వేరే రకం మెమరీలతో పక్క సందుల్లో వ్యాపారం వెతుక్కుంటాయి. కాబట్టి డీర్యామ్ ధర పెరిగిందని వీటి షేరు కొనడం తప్పు లెక్క.

ముందు చేతిలో ఉన్న నగదు చూడండి, టెక్నాలజీ సంగతి తర్వాత. అమెరికా కంపెనీ అయితే తాజా 10-క్యూ, అంటే మూడు నెలలకోసారి ఇచ్చే నివేదిక, తెరవండి. అందులోని క్యాష్ ఫ్లో (నగదు రాకపోకల) పట్టిక ఏడాది మొదటి నుంచి కలిపి ఉంటుంది, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. తొమ్మిది నెలలకు 1.4 కోట్ల డాలర్లు, ఆరు నెలలకు 90 లక్షలు పోయాయనుకోండి. ఈ త్రైమాసికంలో కరిగింది 50 లక్షలు. చేతిలో 3 కోట్లుంటే ఆరు త్రైమాసికాలకు సరిపోతుంది. కార్లలో వాడే చిప్‌ను కస్టమర్ పరీక్షించి ఒప్పుకోవడానికే అంతకన్నా ఎక్కువ కాలం పట్టొచ్చు.

డబ్బు అయిపోవస్తే కొత్త షేర్లు అమ్ముతారు. 2 కోట్ల షేర్లకు 50 లక్షలు కలిస్తే మీ వాటా 20 శాతం తగ్గినట్టే. షేర్ల అమ్మకం గురించి కంపెనీ దాఖలు చేసే 424బీ5 పత్రాల్లో 'ఎట్ ద మార్కెట్' అన్న మాట ఉందేమో వెతకండి. మంచి వార్త వచ్చి షేరు లేచిన రోజే కంపెనీ తన షేర్లను మార్కెట్లో కుమ్మరించడానికి అది దారి. ముందు ముందు షేర్లుగా మారగల హక్కులైన వారంట్లు, ఆప్షన్లు కూడా కలిపే లెక్కేయండి.

తర్వాత కస్టమర్లు. ఆదాయంలో 10 శాతం దాటిన కొనుగోలుదారుల సంగతి 10-కె (వార్షిక నివేదిక) నోట్స్‌లో ఉంటుంది. ఒక్కరు ఆర్డరు ఆపినా దెబ్బ గట్టిగా తగులుతుంది. చిన్న కంపెనీ ఆదాయం ఏడాదిలో ఎంత పడొచ్చో చూడండి: ఎవర్‌స్పిన్‌ది 2023లో 6.38 కోట్ల డాలర్లు, 2024లో 5.04 కోట్లు. అమ్ముడుపోని సరుకు సంగతీ చూడండి. త్రైమాసికం చివరి సరుకు నిల్వను ఆ త్రైమాసికంలో అమ్మిన సరుకు తయారీ ఖర్చుతో భాగించి 90తో గుణించండి. నిల్వ 1.2 కోట్లు, ఖర్చు 90 లక్షలైతే 120 రోజుల సరుకు. ఈ అంకె వరసగా పెరుగుతుంటే అనుమానించండి. డిస్ట్రిబ్యూటర్ల గోదాముల్లో పేరుకున్నది ఇందులో కనిపించకపోవచ్చు కూడా.

చిప్ పనిచేసినంత మాత్రాన అమ్ముడుపోదు. ఇంటెల్, మైక్రాన్ కలిసి 2015లో ప్రకటించిన త్రీడీ ఎక్స్‌పాయింట్ అనే కొత్త రకం మెమరీ పనిచేసింది. అయినా 2021లో మైక్రాన్ తప్పుకుంది, 2022లో ఇంటెల్ ఆ మెమరీని అమ్మిన తన ఆప్టేన్ వ్యాపారాన్ని మూసేసింది. కాబట్టి 'లైసెన్స్ ఒప్పందం' వార్త చదివినప్పుడు ఉత్పత్తి ఎప్పుడు, ఏ ఫౌండ్రీలో (ఇతరుల చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో), రాయల్టీ (అమ్మకాల మీద వచ్చే వాటా) ఎప్పటినుంచి అన్నవి చూడండి. అవి లేకపోతే ఆ వార్తకు నేను విలువ కట్టను.

పేటెంట్ కేసుల మీద నడిచే షేర్లది ఇంకో తంతు. నెట్‌లిస్ట్ అనే చిన్న మెమరీ కంపెనీకి శామ్‌సంగ్ 30.3 కోట్ల డాలర్లు కట్టాలని 2023లో టెక్సస్ జ్యూరీ చెప్పింది. జ్యూరీ మాట బ్యాంకులో పడ్డ డబ్బు కాదు. అప్పీలు, పేటెంట్ చెల్లుబాటు విచారణ వేరే ఉంటాయి.

చివరగా సగటు రోజువారీ ట్రేడింగ్ చూసి, మీ ఆర్డరు అందులో ఒక శాతం దాటకుండా, మీరు చెప్పిన ధర దాటకుండా కొనే లిమిట్ ఆర్డరే పెట్టండి. ట్రేడింగ్ పలచగా ఉన్న షేరులో, దొరికిన ధరకే కొనే మార్కెట్ ఆర్డరు పెడితే కొన్న క్షణంలోనే నష్టం కనిపిస్తుంది.