రాయలసీమలో పాత రాతి మిద్దె కొనడం ఎలా?

కడప, అనంతపురం, కర్నూలు పల్లెల్లో తిరిగితే తాళం పడిన రాతి మిద్దెలు ఊరికి రెండు మూడైనా కనిపిస్తాయి. రెండడుగుల మందం గోడలు, ముందు అరుగులు, లోపల గూళ్లు, గవాక్షంలోంచి నేల మీద పడే ఎండ. పిల్లలు బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లిపోయారు, పెద్దవాళ్లు పోయారు, ఇల్లు అమ్మకానికి వచ్చింది. ఫ్లాట్లలో పెరిగినవాళ్లకు ఆ గోడ మీద చెయ్యి వేయగానే మనసు పడిపోతుంది. అక్కడే బయానా ఇచ్చేస్తారు.

నేను చూసినంతలో గోడ వల్ల చెడిన బేరాలు తక్కువ. చెడేదంతా పైకప్పు దగ్గర, పాలివాళ్ల (ఆస్తిలో వాటా ఉన్నవాళ్ల) దగ్గర. అందుకే ఇక్కడ ఎక్కువగా ఆ రెంటి గురించే చెబుతాను.

1. అసలు మీరు కొనొచ్చా?

మన దేశంలో ఉన్న భారత పౌరులకు ఆంధ్రప్రదేశ్‌లో పొలం కొనడానికి రైతు అయి ఉండాలన్న షరతేమీ లేదు. చిక్కంతా విదేశాల్లో ఉన్నవాళ్లకే. ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనల ప్రకారం ఎన్నారైలు, ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్ల) కార్డు ఉన్నవాళ్లు ఇల్లు, షాపు కొనుక్కోవచ్చు గానీ వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అంటే ఊరి మధ్యలోని మిద్దెకూ చేలో ఉన్న మిద్దెకూ చట్టం దృష్టిలో చాలా తేడా ఉంది. "మా బావమరిది పేరు మీద కొని పెడతాం లే" అనేవాళ్లు చాలామంది. డబ్బు మీది, పేరు ఆయనది అయితే బినామీ చట్టం కిందికి వస్తుంది. ఆ దారిలో వెళ్లకండి.

2. వాన పడిన మర్నాడు వెళ్లండి

అమ్మేవాళ్లు ఫిబ్రవరిలో రమ్మంటారు. ఫిబ్రవరిలో ఏ మిద్దె అయినా బాగానే ఉంటుంది. మీరు సెప్టెంబరు నుంచి నవంబరు మధ్యలో, మంచి వాన పడిన మర్నాడు వెళ్లండి.

పాత మిద్దె కప్పు ఎలా ఉంటుందో తెలిస్తే ఏం చూడాలో తెలుస్తుంది. గోడల మీద, స్తంభాల మీద దూలాలు. వాటి మీద అడ్డంగా దంతెలు, అంటే సన్నపాటి వాసాలు. ఆపైన చెక్కలో కడప బండలో పరిచి, వాటి మీద మందంగా మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. చౌడు మట్టి తడిస్తే మెత్తగా విడిపోయి సందులన్నీ పూడ్చేస్తుంది, దాంతో నీళ్లు కిందికి దిగవు. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే కాబట్టి ఈ పద్ధతి తరతరాలుగా నడిచింది. అయితే వానాకాలానికి ముందు చౌడు తోలించి, మొలిచిన గడ్డి పీకించే మనిషి ఉన్నంత కాలమే. ఇల్లు పదేళ్లు తాళం పడి ఉందంటే ఆ పని పదేళ్లుగా జరగలేదన్నమాట.

నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కండి. గడ్డి, తుమ్మ మొక్కలు, రావి మొక్క ఉన్నాయా? నీళ్లు బయటికి పోయే తూములు పూడుకుపోయాయా? తర్వాత లోపలికి వచ్చి టార్చి వేసి దూలాల చివర్లు చూడండి. దూలం మధ్యలో కన్నా గోడలోకి దూరిన చోటే ముందు పుచ్చుతుంది, ఎందుకంటే అక్కడ తడి ఆరదు. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. మంచి టేకు, నల్లమద్ది అయితే దిగదు. పిండిలా దిగబడితే ఆ దూలం పోయినట్టే. సుత్తితో కొడితే డొల్ల శబ్దం వచ్చినా అంతే. గోడల మీద చెదల బాటలు ఉంటే అవి ఎంత దూరం పాకాయో చూడండి. అమ్మేవాళ్లు కొత్తగా వెల్ల వేయించి ఉంటే మాత్రం అనుమానించాల్సిందే.

ఇంకో సంగతి. కారినప్పుడల్లా పాత మట్టి తీయకుండా పైనే కొత్త మట్టి పోసుకుంటూ పోయిన మిద్దెలు ఉంటాయి. బరువు పెరిగిపోతుంది. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారి దగ్గర భూకంపం వచ్చినప్పుడు జనం ఎక్కువగా చనిపోయింది ఇలాంటి ఇళ్లలోనే. మట్టితో కట్టిన రాతి గోడలు, పైన బరువైన మట్టి కప్పు. కాబట్టి మట్టి ఎన్ని అంగుళాలు ఉందో ఒక మూల తవ్వించి చూడండి.

3. గోడకు పొట్ట వచ్చిందా?

రాతి గోడ చాలావరకు ఒకే గోడ కాదు. లోపలి వైపు ఒక వరస, బయటి వైపు ఒక వరస, నడుమ చిన్న రాళ్లూ మట్టీ. రెండింటినీ పట్టి ఉంచేది గోడ మందమంతా అడ్డంగా పెట్టే పొడవాటి రాళ్లు. అవి తక్కువ పెట్టిన చోట, లోపలికి నీళ్లు దిగిన చోట గోడ ఉబ్బి పొట్ట వస్తుంది. గోడ పక్కన నిలబడి పొడవునా ఒక దారం లాగి చూడండి, తెలిసిపోతుంది. మూలల్లో నిలువు పగుళ్లు ఉంటే ఇంజనీరును పిలవండి. తెలిసిన మేస్త్రీ ఒక్కడి మాట చాలదు.

సిమెంటు పూసిన పాత గోడను చూసి "బాగు చేయించారు" అనుకోకండి. మట్టి, సున్నం కట్టుబడి తడిని పీల్చి బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోయి మట్టి మెత్తబడుతుంది. కింద రెండు మూడడుగుల ఎత్తున పెచ్చులు లేస్తుంటే జరుగుతున్నది అదే.

నేల కూడా చూడండి. నవ్వకండి, గుప్తనిధుల కోసం పాత ఇళ్లు తవ్వేవాళ్లు మన సీమలో ఇంకా ఉన్నారు. దేవుడి గది బండలు కొత్తగా పరిచినట్టు ఉంటే కింద గుంత ఉండొచ్చు, పక్క గోడ పునాది కదిలి ఉండొచ్చు. ఒకవేళ మీకే నిజంగా ఏదైనా దొరికినా, 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాలి.

4. నీళ్లు, దారి

మోట బావి ఉంటే ఏప్రిల్‌లో ఎంత నీరుందో అడగండి. కొత్త బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వర్తిస్తుంది. చేలో ఉన్న ఇల్లయితే బండి దారి ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖ పొలం కొలతల) పటంలో ఉందో, పక్క రైతు మంచితనం మీద నడుస్తోందో సర్వేయరుతో తేల్చుకోండి. మంచితనం ఆస్తి చేతులు మారగానే పోతుంది. గండికోట, లేపాక్షి లాంటి రక్షిత కట్టడాల దగ్గర కొంటుంటే ఇంకో జాగ్రత్త కావాలి. కేంద్ర పురావస్తు శాఖ కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త కట్టుబడి నిషేధం. ఆపైన ఇంకో 200 మీటర్ల వరకు ఏం చేయాలన్నా అనుమతి తీసుకోవాలి.

5. పాలివాళ్లను లెక్కపెట్టండి

ఓపిక ఉండాల్సింది ఇక్కడే. మేం ఒకసారి ఒక మిద్దె బేరం దాదాపు కుదుర్చుకున్నాం. అన్నదమ్ములు ముగ్గురూ సంతకానికి సిద్ధం. వెళ్లబోతుంటే పక్కింటి పెద్దావిడ అరుగు మీద నుంచి అంది: "ఈ ఇంట్లో ఆడబిడ్డకు గూడా పాలుంది నాయనా, ఆయమ్మను అడిగినారా?" అడగలేదు. ఆయమ్మ ఊరు పక్క తాలూకానే.

మన రాష్ట్రంలో 1985లోనే కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చింది, కానీ అప్పటికి పెళ్లి కానివాళ్లకే. 2005 కేంద్ర సవరణతో పెళ్లయిన కూతుళ్లకూ కొడుకులతో సమానంగా వచ్చింది. తండ్రి అప్పటికి బతికి ఉండాలన్న వాదనను 2020లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పారీఖత్తు (భాగపంపకాల పత్రం) ఉంటే లెక్క వేరు. "పెద్దమనుషుల్లో కూర్చుని కాగితం మీద రాసుకున్నాం" అంటే దాన్ని లాయరుకు చూపించాల్సిందే.

అందుకని ఇల్లు కట్టిన తాత నుంచి వంశవృక్షం మీరే గీయండి. చనిపోయినవాళ్లకు తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ అడగండి. కూతుళ్లు, చనిపోయిన కొడుకుల భార్యాపిల్లలు, అమెరికాలో ఉన్న మనవడు, అందరూ సంతకం పెట్టాలి, లేదా హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించి ఇవ్వాలి. మైనర్ ఉంటే లాయరును అడగకుండా అడుగు ముందుకు వేయొద్దు.

ఇల్లు ఊళ్లో ఉంటే అది సాధారణంగా గ్రామకంఠం, అంటే ఊరి ఇళ్ల కోసం వదిలిన స్థలం. పొలాల రెవెన్యూ రికార్డులైన అడంగల్, 1బీలో పేరు వెతికి లాభం లేదు. పాత దస్తావేజులు, పంచాయతీ ఇంటిపన్ను రసీదులు, ఇల్లు వాళ్ల అనుభవంలో ఉండటం, ఇవే ఆధారాలు. పన్ను రసీదు ఒక్కటే హక్కు పత్రం కాదని గుర్తుంచుకోండి. ఊళ్లోని ఇళ్ల స్థలాలు కొలిచే, 2020లో మొదలైన కేంద్ర స్వామిత్వ పథకం కింద ఆస్తి కార్డు వచ్చి ఉంటే పని తేలిక. చేలో ఉంటే అడంగల్, 1బీతో పాటు ఆ సర్వే నంబరు 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల్లో) ఉందేమో, అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూమేమో చూడాలి.

ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. మీరు కొంటున్న ఇల్లు దానికన్నా ఎంతో పాతది. కాబట్టి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో అర్జీ పెట్టి పాత పుస్తకాలు వెతికించండి. టైం పడుతుంది, పట్టనివ్వండి.

6. బేరం, అగ్రిమెంటు

దస్తావేజులో అంకణాల (పాతకాలపు స్థలం కొలత) లెక్క ఉంటే దాన్ని గజాల్లోకో చదరపు అడుగుల్లోకో మార్చి రాయించండి. అంకణం ఊరికో కొలత. సెంటుకు మాత్రం గొడవ లేదు, 48.4 చదరపు గజాలు. చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు) నేల మీద నడిచి సరిచూసుకోండి, ఉమ్మడి గోడ ఎవరిదో రాయించండి.

ఇంట్లో ఏమేం మీకు వస్తాయో జాబితా రాసి ఫోటోలతో అగ్రిమెంటుకు జత చేయండి. ద్వారబంధాలు, తలుపులు, స్తంభాలు, ఉయ్యాల బల్ల, రోలు, తిరగలి, పెరట్లో ఉన్న బండలతో సహా. పాత తలుపుల వ్యాపారులు మీకన్నా ముందే వచ్చి పోతుంటారు. రిజిస్ట్రేషన్ నాటికి చెక్కిన వాకిలి స్థానంలో ఇనుప తలుపు ఉంటే మీరు కొన్నది రాళ్లే.

లోను మీద ఆశ పెట్టుకోకండి. గ్రామకంఠంలోని పాత ఇంటికి గృహరుణం ఇవ్వడానికి చాలా బ్యాంకులు వెనకాడతాయి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి విలువలో 7.5 శాతం అవుతుంది. దాన్ని మొదటి రోజే లెక్కలో వేసుకోండి.

7. కొన్నాక ముందు ఏది?

ముందు కప్పు, తర్వాత గోడల చుట్టూ నీళ్లు నిలవకుండా వాలు. అందరూ మాత్రం రంగులతో మొదలుపెడతారు. పైన మొక్కలు వేళ్లతో సహా తీయించి, అదనపు మట్టి దింపి, పుచ్చిన దూలాలు మార్చి, తూములు శుభ్రం చేయించండి. మట్టి కప్పు తీసేసి శ్లాబు వేయాలనుకుంటే గోడల మీద చుట్టూ కాంక్రీటు బెల్టు పోసి, ఆ తర్వాతే వేయాలి. ఉత్త రాతి గోడ మీద నేరుగా శ్లాబు పెట్టించకండి.

రాళ్ల సందులు పూడ్చడానికి డంగు సున్నం (ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం) వాడండి. తెలిసిన పనివాళ్లు తగ్గిపోయారు, పాత గుళ్ల మరమ్మతు చేసే మేస్త్రీలను అడిగితే దొరుకుతారు. చౌడు ఏ చెరువు దాపున మంచిదో మాత్రం మేస్త్రీ కన్నా ఊళ్లో ముసలివాళ్లకే బాగా తెలుసు. మే నెలలోనే వాళ్లను అడిగి ట్రాక్టరు మాట్లాడి పెట్టుకోండి, జూన్ వచ్చాక ట్రాక్టర్లన్నీ చేలల్లో ఉంటాయి.