లోసార్టాన్ మూర్ఛను ఆపుతుందన్న వార్త చదివితే ఏం చేయాలి

బీపీకి వాడే లోసార్టాన్ మూర్ఛను (ఫిట్స్‌ను) ఆపుతుందన్న వార్త ఫోన్‌కు వస్తే, ముందుగా ఆ పరిశోధన ఎవరిపై జరిగిందో చూడాలి. తలకు బలమైన దెబ్బ తగిలినప్పుడు మెదడు రక్తనాళాల గోడలు సడలి, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మెదడులోకి చేరుతుంది. అది మెదడులోని ఆస్ట్రోసైట్ అనే సహాయక కణాల్లో టీజీఎఫ్-బీటా అనే సంకేతాన్ని రేపితే వాపు మొదలై, కొన్నాళ్లకు మూర్ఛ స్థిరపడవచ్చు. లోసార్టాన్ ఈ సంకేతాన్ని అణచి చాలా ఎలుకల్లో మూర్ఛ రాకుండా చేసిందని బర్క్‌లీ, బెన్ గురియన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2014లో ప్రకటించారు. 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అమెరికాలో 20 లక్షలకు పైగా బీపీ రోగుల బీమా రికార్డులు పరిశీలించగా, లోసార్టాన్ తరగతి మందులు వాడినవారిలో కొత్తగా మూర్ఛ బయటపడటం, ఇతర బీపీ మందులు వాడినవారి కంటే తక్కువగా కనిపించింది. అది రికార్డుల పరిశీలనే గనుక మందు వల్లనే మూర్ఛ తగ్గిందని రుజువైనట్లు కాదు. పైగా రెండు పరిశోధనలూ మూర్ఛ రాకుండా ఉండటం గురించినవే; ఇప్పటికే ఫిట్స్ ఉన్నవారు తమ మాత్ర మానేసి లోసార్టాన్ వేసుకోవడానికి అవి ఆధారం కావు. ఫిట్స్ మాత్రను హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

ఇంట్లో ఒకరికే రెండు జబ్బులూ ఉంటే అసలు జాగ్రత్త వేరే చోట అవసరం. హైదరాబాద్‌లో చాలామంది బీపీ మాత్రలు బస్తీ దవాఖానాలోనూ, ఫిట్స్ మాత్రలు నిమ్స్‌లోనో గాంధీలోనో తీసుకుంటారు కాబట్టి, ఒక డాక్టరు రాసింది మరొకరికి తెలియకపోవచ్చు. ఫెనిటాయిన్, కార్బమజెపైన్ వంటి ఫిట్స్ మందులు ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు ప్రభావాన్ని తగ్గించగలవు. వెరాపమిల్, డిల్టియాజెమ్ అనే బీపీ మందులు రక్తంలో కార్బమజెపైన్ స్థాయిని పెంచి, తల తిప్పడం, ఒకటి రెండుగా కనిపించడం వంటి ఇబ్బందులు తెస్తాయి. పేరు చివర ‘హెచ్’ ఉన్న లోసార్టాన్ మాత్రలో నీరు తీసే మందు కూడా ఉంటుంది. కార్బమజెపైన్‌తోనో ఆక్స్‌కార్బజెపైన్‌తోనో అది కలిస్తే రక్తంలో సోడియం పడిపోవచ్చు, ఆ లోటే ఫిట్స్‌కు దారి తీయవచ్చు.

అందుకే ఓపీకి వెళ్లేటప్పుడు చీటీలతో పాటు మాత్రల షీట్లనూ తీసుకెళ్లాలి. షాపులో పది మాత్రల షీటును కత్తిరించి నాలుగే ఇస్తే మందు పేరు మిగతా ముక్కపై ఉండిపోతుంది కనుక, బిల్లునైనా అడిగి ఉంచుకోవాలి. ఇంట్లో చూసిన బీపీ అంకెలు, ఫిట్స్ వచ్చిన తేదీలు ఒకే కాగితంపై రాస్తే, రద్దీ ఓపీలో ఆ కాస్త సమయమూ కలిసొస్తుంది. సోడియం, పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు అవసరమా అని అడగండి. గర్భిణులు, గర్భం కోరుకుంటున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. లోసార్టాన్ కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది.