మంచు ఉదయాన సరస్సు ఒడ్డున ఫొటోలకు
డిసెంబరులో స్కాట్లండ్ వెళ్తే లాఖ్ ఆర్డ్ లాంటి సరస్సు ఒడ్డుకు వెలుగు రాకముందే చేరుకోండి. సూర్యోదయం దాదాపు 8:30కి కాబట్టి కష్టమేమీ కాదు. గాలి లేచిందంటే నీళ్లలో కొండల నీడ చెదిరిపోతుంది. గడ్డి మీద పేరుకున్న తెల్లటి మంచును కెమెరా బూడిద రంగుకు దించేస్తుంది. ఎక్స్‌పోజర్ +0.7 నుంచి +1 దాకా పెంచి, హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో కెమెరా తెర మీద చూపే గ్రాఫ్) కుడి అంచుకు తగలకుండా చూసుకోండి. స్పేర్ బ్యాటరీ లోపలి జేబులో, ఒంటి వెచ్చదనంలో ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, వెచ్చటి కారెక్కే ముందే మెమరీ కార్డు తీసుకుని, కెమెరాను జిప్ కవర్లో పెట్టి గాలి చొరకుండా మూసేయండి. చెమ్మ కవరు మీద పడుతుంది, లెన్స్ మీద కాదు. కెమెరా చల్లదనం పూర్తిగా పోయేదాకా తెరవకండి, గంట పట్టినా సరే.