ఫస్టియర్ రైటింగ్ క్లాసులో తండా పిల్లలు, ఉర్దూ మీడియం పిల్లలు నోరు విప్పాలంటే

దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట వైపు డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లిష్ చెప్పేవాళ్ల కోసం ఇది. లంబాడా తండాల నుంచి, నల్లమల అడవిలోని చెంచుపెంటల (చెంచుల గూడేల) నుంచి, ఉర్దూ మీడియం నుంచి వచ్చిన పిల్లలు చాలామంది వెనక బెంచీ పట్టి మాట్లాడకుండా కూర్చుంటారు. చెప్పే విషయం లేక కాదు, రాస్తే నలుగురూ నవ్వుతారని. మొదటి ఇంటర్నల్ మార్కులు పడకముందే ఈ భయం తీర్చాలి. ఆ తర్వాత "నాకు ఇంగ్లిష్ రాదు" అనే మాట గట్టిపడిపోతుంది.

మొదటిరోజు పేరు ఎట్లా పలకాలో ఎవరిది వాళ్లనే అడిగి, హాజరు పట్టీలో తెలుగులో రాసుకోండి. స్కాలర్‌షిప్ ఫారాల కోసం "ఎస్టీలు లేవండి, మైనార్టీలు లేవండి" అని క్లాసులో అననే అనొద్దు. ఆ పని ఆఫీసులో చూసుకోవచ్చు.

మొదటి రాత పదిహేను నిమిషాలు, మార్కుల్లేవు. సంక్రాంతి సెలవుల గురించి రాయమంటే కొందరికి అది వాళ్లింటి పండుగ కాదు. "మీ ఇంట్లో మీకు బాగా వచ్చిన ఒక పని ఎట్లా చేస్తారు?" అని ఇవ్వండి. పత్తి ఏరడం, జొన్నరొట్టె చేయడం, ఏదైనా సరే. ముందు ఇంటిభాషలోనే రాయనివ్వండి. లంబాడాల భాష గోర్ బోలీకి సొంత లిపి లేదు, తెలుగు అక్షరాల్లో రాస్తారు. ఉర్దూ వాళ్లు ఉర్దూలోనే. మర్నాడు అందులోంచి ఐదు వాక్యాలు ఇంగ్లిష్‌లోకి తేవాలి. విషయం వెతుక్కోవడం, భాష వెతుక్కోవడం ఒకేసారి మీదపడితేనే కలం ఆగిపోతుంది.

రెండో వారం సీనియర్ల ఉత్తరాలు చదివించండి. అమెరికాలో వాల్టన్, కోహెన్ అనే పరిశోధకులు 2011లో దీని ఫలితాన్ని ప్రచురించారు. కొత్తలో పరాయిగా అనిపించడం అందరికీ ఉండేదే, మెల్లగా తగ్గుతుందని సీనియర్ల అనుభవాలు చదివించి, దానిపై సొంతంగా రాయించారు. పట్టింది సుమారు గంట. నల్లజాతి విద్యార్థుల మార్కులు తర్వాతి మూడేళ్లలో మెరుగుపడ్డాయి. మన దగ్గర నలుగురైదుగురు సీనియర్లు తలా ఒక పేజీ రాస్తే చాలు: ఏది కష్టమైంది, ఎవర్ని అడిగారు, ఎప్పుడు తేలికైంది. టాపర్లతోనే రాయిస్తే "వాళ్లు వేరే" అనుకుంటారు. మైనార్టీ పిల్లలకే పంచితే వేలెత్తి చూపినట్లవుతుంది. క్లాసంతా చదవాలి, వచ్చే ఏటి జూనియర్లకు క్లాసంతా ఉత్తరం రాయాలి.

దిద్దేటప్పుడే ఎక్కువ చెడుతుంది. తెలుగులో, ఉర్దూలో పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు లేవు, 'ఎ', 'ది' లాంటి ఆర్టికల్స్ లేవు. అవన్నీ ఒకేసారి ఎర్ర ఇంకుతో గీస్తే పేజీలో పిల్లవాడు చెప్పిన సంగతే కనబడదు. ఒక రాతకు ఒకే రకం తప్పు, ఉదాహరణకు భూతకాలం క్రియలు, దిద్దండి. "యెస్టర్‌డే మై మదర్ గో టు చేను" అని ఉంటే 'గో' కింద గీత గీయండి, 'చేను' జోలికి పోవద్దు. మార్జిన్‌లో ముందు సంగతి గురించి ప్రశ్న రాయండి: "ఆరోజు ఎన్ని కిలోలు ఏరింది?" ఊరికే "గుడ్" అని వదిలేస్తే మాత్రం టీచర్‌కు తమ మీద ఆశ లేదనుకుంటారు.

గ్రూపుకు నలుగురు. తండా పిల్లను ఒంటరిగా వేయొద్దు, తోడుగా ఇంకొకరుండాలి. "మీవాళ్లలో ఎట్లా?" అని ఏ ముస్లిం పిల్లవాణ్నీ మొత్తం మతం తరఫున అడగొద్దు. రాతలు క్లాసులోనే తీసుకోండి, రాత్రి వాట్సాప్‌లో కాదు. సిగ్నల్ అందని పెంటలున్నాయి. శుక్రవారం జుమ్మా నమాజు వేళ టెస్టు పెట్టొద్దు. పత్తి ఏరే రోజుల్లో హాజరు తగ్గుతుంది కాబట్టి అక్టోబర్ నుంచి ప్రతి రాతకూ, రానివాళ్ల కోసం ఇంకో తేదీ కూడా ముందే ప్రకటించండి.