రెండు యుద్ధాల నడుమ జర్మనీ పునరుద్ధరణ: మెయిన్స్ జవాబును కూర్చుకునే విధానం

ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనో, ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనో కూర్చుని సివిల్స్ మెయిన్స్‌కు తెలుగులో సిద్ధమవుతున్నవారికి ఈ అంశం సులువుగానే కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీపై విధించిన వెర్సాయ్ సంధి నుంచి హిట్లర్ వరకు సంవత్సరాల వారీగా చెప్పుకుంటూ పోతే 250 పదాలు ఇట్టే నిండిపోతాయి గాని, అటువంటి జవాబులో సంఘటనలే తప్ప కారణాలు మిగలవు. అందువల్ల ముందుగా ఈ పునరుద్ధరణను 1924–29, 1933–36 అనే రెండు విడతలుగా విడదీసుకుని, ప్రతి విడతలోనూ సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోవాలి.

పతనానికి రెండు మూడు వాక్యాలు చాలు. 1921లో జర్మనీ గెలిచిన దేశాలకు చెల్లించాల్సిన యుద్ధ నష్టపరిహారాన్ని 13,200 కోట్ల బంగారు మార్కులుగా నిర్ణయించారు. 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సేనలు జర్మనీ పారిశ్రామిక కేంద్రమైన రూర్ ప్రాంతాన్ని ఆక్రమించగా, దానికి నిరసనగా పని మానేసిన కార్మికులకు జీతాలిచ్చేందుకు ప్రభుత్వం నోట్లు అచ్చు వేస్తూ పోయింది. ఆ నవంబరు నాటికి ఒక డాలరు విలువ 4.2 లక్షల కోట్ల మార్కులకు చేరింది.

మొదటి విడతను మాత్రం నిదానంగా వివరించాలి. 1923 నవంబరులో, స్ట్రెసెమాన్ ఛాన్సలర్‌గా ఉండగా, లక్ష కోట్ల పాత మార్కులకు ఒకటి చొప్పున రెంటెన్‌మార్క్ అనే కొత్త కరెన్సీని ప్రవేశపెట్టారు. అది నిలబడటానికి దాని వెనుక చూపిన భూముల తాకట్టు కంటే, నోట్ల జారీపై విధించిన కఠిన పరిమితి, ప్రభుత్వ వ్యయంలో చేసిన కోత ఎక్కువగా తోడ్పడ్డాయని రాస్తే జవాబుకు బరువు వస్తుంది. 1924 నాటి డాస్ ప్రణాళిక పరిహారపు వాయిదాలను తొలి ఏడాది 100 కోట్ల మార్కులతో మొదలుపెట్టి క్రమంగా 250 కోట్లకు పెంచింది. దానితోపాటు 80 కోట్ల మార్కుల విదేశీ రుణాన్ని కూడా సమకూర్చింది. ఆ తరువాత అమెరికా నుంచి జర్మనీకి అప్పుగా, జర్మనీ నుంచి ఫ్రాన్స్, బ్రిటన్‌లకు పరిహారంగా, అక్కడి నుంచి తిరిగి అమెరికాకు యుద్ధరుణాల వాయిదాగా సొమ్ము తిరుగుతూ వచ్చింది. ఈ చక్రాన్ని మూడు బాణాలతో చిన్న బొమ్మగా గీయవచ్చు. స్వల్పకాలిక రుణాలను పురపాలక సంఘాలు దీర్ఘకాలిక నిర్మాణాలకు వాడటమే ఈ ఏర్పాటులోని బలహీనత అని బొమ్మ కిందే రాయాలి.

రాజకీయ పార్శ్వానికి 1925 నాటి లొకార్నో ఒప్పందాలు, 1926లో నానాజాతి సమితిలోకి జర్మనీ ప్రవేశం సరిపోతాయి. మన విశ్వవిద్యాలయం స్థాపించిన ఏడు కూడా 1926 కావడంతో ఆ తేదీని విశాఖవాసులు మరచిపోనక్కరలేదు. లొకార్నోలో జర్మనీ పశ్చిమ సరిహద్దులకే హామీ ఇచ్చింది గాని తూర్పు సరిహద్దులకు ఇవ్వలేదన్న విషయాన్ని చాలామంది వదిలేస్తుంటారు.

1929 అక్టోబరులో అమెరికా మార్కెట్ కూలిన తరువాత రుణాలు వెనక్కు మళ్లాయి. నిరుద్యోగ బీమా చందాలపై కలహించి ఛాన్సలర్ ముల్లర్ సంకీర్ణ ప్రభుత్వం 1930 మార్చిలో కూలిపోగా, తరువాతి ఛాన్సలర్ బ్రూనింగ్ రాజ్యాంగంలోని 48వ అధికరణం కింద అత్యవసర ఉత్తర్వులతో పాలిస్తూ ఖర్చులు తగ్గించి, పన్నులు పెంచాడు. 1932 తొలినాళ్లకు నిరుద్యోగులు 60 లక్షలయ్యారు. 1928లో 2.6 శాతంగా ఉన్న నాజీల ఓట్లు 1932 జులైలో 37.3 శాతానికి పెరిగాయి. అదే ఏడాది నవంబరులో 33.1కి తగ్గాయి కూడా. ఈ తగ్గుదలను ప్రస్తావిస్తే, 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ కావడంలో అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ చుట్టూ నడిచిన మంతనాల పాత్ర స్పష్టమవుతుంది.

విశాఖ రేవు మొదలైన 1933తోనే రెండో విడత కూడా మొదలవుతుంది. పరిహారాల భారాన్ని హిట్లర్ తొలగించాడని రాయకూడదు. 1932 లాజాన్ సమావేశంతోనే అది దాదాపుగా ముగిసింది. ఈసారి సొమ్ము విదేశాల నుంచి రాలేదు. కేంద్ర బ్యాంకు అధిపతి షాక్ట్ రూపొందించిన మెఫో బిల్లుల (ఒక డొల్ల కంపెనీ పేరిట జారీ చేసిన హామీ పత్రాల) ద్వారా ఆయుధ వ్యయాన్ని బడ్జెట్‌లో కనిపించకుండా నడిపారు. నిరుద్యోగం 1936 నాటికి సుమారు 16 లక్షలకు తగ్గిందని చెప్పేటప్పుడు, ట్రేడ్ యూనియన్ల రద్దును, యూదులను ఉద్యోగాల నుంచి తొలగించడాన్ని, 1935 నాటి నిర్బంధ సైనిక సేవను కూడా అదే వాక్యంలో చేర్చాలి.

జవాబును 1936 నాటి నాలుగేళ్ల ప్రణాళిక దగ్గర ఆపడం మంచిది. ఆ తరువాతి పరిణామాలు యుద్ధ కారణాలపై వచ్చే ప్రశ్నకు చెందినవి కనుక వాటికి నోట్సులో వేరే పేజీ కేటాయించుకోవాలి.