ప్రార్థన కూడికలో మనుషుల్ని పోగొట్టుకోకుండా వాదించుకోవడం ఎలా

మా ఇంట్లో శనివారం సాయంత్రం ఏడింటికి కూడిక ఉంటుంది. గుంటూరులో పాత ఇల్లు, ముందు గదిలో రెండు చాపలు పరిస్తే పదిహేను మంది పడతారు. పన్నెండేళ్లుగా జరుగుతోంది. మొదటి ఏడాదిని మాత్రం నేను లెక్కలో వేసుకోను. ఆ ఏడాది నేను సాధించిందల్లా రెండు కుటుంబాల్ని పోగొట్టుకోవడం.

నేను పుట్టింది లూథరన్ ఇంట్లో. మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు గుడిలో పాదిరి అయ్యగారు తల మీద నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చారు. మా ఆయనది ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబం. వాళ్లకి బాప్తిస్మం అంటే బుద్ధి తెలిశాక, ఒప్పుకుని, నీళ్లలో పూర్తిగా మునగడం. 1878 జూలైలో గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచిన సంగతి మా అత్తగారు తను గట్టున నిలబడి చూసినట్టే చెప్పేది. మా నాన్న ఊరుకుంటాడా, 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు గుంటూరులో దిగిన దగ్గర్నుంచి ఎత్తుకునేవాడు. ఆ రెండు చరిత్రలూ ముప్ఫై ఏళ్లు మా ఒక్క వంటింట్లోనే ఉడికాయి. ఎప్పుడూ మాడలేదు. అందుకే నాకు అంత ధీమా.

ఆ ధీమాతోనే మూడో వారం "చిన్నపిల్లలకి బాప్తిస్మం ఇవ్వచ్చా?" అని ప్రశ్న పెట్టాను. ఎనిమిదిన్నరకి ఒకాయన లేచి నిలబడి, "అయితే మా అమ్మ మునగలేదు కాబట్టి పరలోకానికి పోలేదంటారా?" అన్నాడు. ఎవరూ ఆ మాట అనలేదు. కానీ గంటన్నర నుంచి ఆయనకి వినిపిస్తున్నది అదే. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయాడు. మర్నాడు కొడుకుని పంపించి తెప్పించుకున్నాడు. ఆ పిల్లాడు చెప్పులు చేతిలో పట్టుకుని నా మొహం చూడకుండా గేటు దాటడం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

నేను పాదిరిని కాదు. ముప్ఫై నాలుగేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఎనిమిదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టడం కన్నా విశ్వాసుల్ని కూర్చోబెట్టడం కష్టమని తేలాక, ఒక్కొక్కటే దిద్దుకుంటూ వచ్చాను. మీ ఇంట్లోనో, మీ సంఘంలోనో ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే పనికొస్తాయని రాస్తున్నాను.

ముందు ప్రశ్న సంగతి

పెద్ద సిద్ధాంతాలతో మొదలుపెట్టకండి. గదిలో ఎవరో ఒకరికి సోమవారం ఉదయం ఎదురయ్యే పని ఏదో అది అడగండి. మా దగ్గర బాగా నడిచిన ప్రశ్నలు కొన్ని చెబుతాను. వీధిలో వినాయక చవితి చందా అడిగితే ఇవ్వాలా? పెళ్లిలో తాళి కట్టాలా, ఉంగరం చాలా? ప్రార్థనలో ముసుగు లేకపోతే తప్పా? దేవుడికిచ్చే దశమ భాగం (పదో వంతు) మొత్తం జీతం మీద తీయాలా, పీఎఫ్ పోగా చేతికొచ్చిన దాని మీద తీయాలా? ఈ చివరిది రెండు వారాలు నడిచింది. ప్రభుత్వోద్యోగులంతా ఒక పక్క, పచారీ కొట్టాయన ఒక్కడూ ఒక పక్క.

ప్రశ్నని ముందు వారమే తీసుకోవాలి. మా గుమ్మం పక్కన పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంటుంది. చీటీ మీద పేరు రాయకుండా అందులో వేస్తారు. నేను చూసి ఒకటి తీస్తాను. గదిలో ఉన్న ఒక మనిషిని గురి చూసి రాసిన చీటీ అయితే చింపేస్తాను. "కొందరు కానుకల లెక్క చెప్పరు, ఇది న్యాయమా?" లాంటివి నెలకొకటైనా వస్తాయి. అలాంటి దానికి బైబిల్లో మత్తయి సువార్త 18వ అధ్యాయంలో దారి ఉంది. ముందు ఆ మనిషి దగ్గరికి ఒంటరిగా వెళ్లాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి, సంఘం దాకా రావడం ఆ తర్వాత. మనవాళ్లు సంఘంతో మొదలుపెట్టి వెనక్కి నడుస్తారు.

వాక్యభాగాలు రెండు, మహా అయితే మూడు. అవి కూడా ముందే చెప్పేయాలి. లేకపోతే ఫోన్లు బయటికొస్తాయి, ఒకరు ఒక వచనం తీస్తే ఇంకొకరు రెండు తీస్తారు, పేకాటలా తయారవుతుంది.

కూర్చోవడం

ఇది చిన్న విషయం అనుకుంటారు. మొదట్లో మగవాళ్లు ప్లాస్టిక్ కుర్చీల్లో, ఆడవాళ్లు వంటింటి గుమ్మం దగ్గర చాప మీద కూర్చునేవాళ్లు. కుర్చీల్లోంచి ప్రసంగాలు వచ్చేవి, చాప మీద నుంచి "ఆమేన్" వచ్చేది. ఇప్పుడు అందరూ చాప మీదే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, మగైనా ఆడైనా, గోడ పక్కన నాలుగు కుర్చీలు. నమ్మండి, ఆ నెలలోనే మా ఎదురింటి కుట్టుమిషను కోడలు నోరు విప్పింది. పదేళ్ల నుంచి గుడికొస్తున్న పిల్ల, ఆమె గొంతు ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది నాకు.

అయ్యగారు వస్తే సంతోషం, కాకపోతే చివర్లో మాట్లాడాలి. ఈ మాట చెప్పడానికి నేను వారం రోజులు భయపడ్డాను. నలుగురిలో కాదు, వాళ్లింటికే వెళ్లి, అమ్మగారిచ్చిన టీ తాగి, అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం తీశాను. యెరూషలేములో అంత పెద్ద సభ జరిగింది. అన్యజనులు, అంటే యూదులు కానివాళ్లు, సున్నతి పొందాలా వద్దా అని గట్టిగా వాదించుకున్నారు. పేతురు మాట్లాడాడు, బర్నబా పౌలు మాట్లాడారు, అంతమందీ ఊరుకుని విన్నారు. యాకోబు చివర్లో లేచాడు. "మీరు మాకు యాకోబండీ" అన్నాను. నవ్వేశారు. పాదిరి మొదటే చెప్పేస్తే తర్వాత చర్చ ఉండదు, సమర్థనే ఉంటుందన్న నా భయం ఆయనకీ తెలిసినట్టే ఉంది.

అసలు పద్ధతి

ఒకటే నియమం. ఎదుటివాళ్లకి జవాబు చెప్పేముందు, వాళ్లన్నది మీ మాటల్లో వాళ్లకే తిరిగి చెప్పాలి. వాళ్లు "అవును, అదే" అనాలి. అనకపోతే మళ్లీ చెప్పాలి. ఆ "అవును" వచ్చేదాకా మీ వాదన మొదలుకాదు.

వినడానికి సులువే. చేసి చూడండి.

ఒక శనివారం వచ్చిన ప్రశ్న: ఆఫీసులో ఎవరైనా తిరుపతి లడ్డూ పెడితే తినాలా? విగ్రహాలకి పెట్టిన తిండి గురించి పౌలు రాసిన మొదటి కొరింథీయులకు 8వ అధ్యాయం, 10వ అధ్యాయం చివరి భాగం చదువుకున్నాం. బ్యాంకులో పనిచేసే కుర్రాడు ఒకడున్నాడు, ఇరవై ఆరేళ్లుంటాయి. "విగ్రహం వట్టిదని పౌలే అన్నాడు కదా. స్నేహంగా పెడితే తింటాను. వద్దంటే వాళ్ల మనసు నొచ్చుకుంటుంది" అన్నాడు. ఆర్టీసీలో రిటైరైన పెద్దాయన వెంటనే అందుకోబోయాడు. చెయ్యి అడ్డం పెట్టాను. "బాబాయ్, ముందు వాడన్నది చెప్పండి."

"లడ్డూ రుచిగా ఉంటుంది కాబట్టి తింటానన్నాడు."

కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. అందరూ నవ్వారు. రెండోసారి, "దేవుడి కన్నా ఆఫీసోళ్లే ముఖ్యమన్నాడు." అదీ కాదు. మూడోసారికి పెద్దాయన కాసేపు ఆగాడు. "పక్క సీటులోవాడు ప్రేమతో ఇస్తే, తోసేస్తే ప్రేమని తోసేసినట్టని వీడి బాధ." కుర్రాడు మెల్లగా "అవును బాబాయ్, అదే" అన్నాడు.

ఇప్పుడు వరస తిరగాలి. పెద్దాయన తన సంగతి చెప్పాడు. వాళ్లింట్లో ప్రభువుని నమ్ముకున్నది ఆయనొక్కడే, పంతొమ్మిదో ఏట. పండగ రోజు ప్రసాదం వద్దన్నందుకు తండ్రి కంచం లాగి వీధిలోకి విసిరాడట. ఆ రాత్రి లారీ ఆఫీసు అరుగు మీద పడుకున్నాడట. "నాకది లడ్డూ కాదమ్మా. అది తింటే ఆ రాత్రికి అర్థం లేదు" అన్నాడు. కుర్రాడు దాన్ని తిరిగి చెప్పడానికి నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. కాసేపటికి, "మీరు దానికోసం ఇల్లు వదులుకున్నారు. నేను టీ బ్రేక్‌లో తేలిగ్గా తినేస్తుంటే మీకు కష్టంగా ఉంది" అన్నాడు. పెద్దాయన తల ఊపాడు.

అభిప్రాయాలు మారలేదు, ఇద్దరివీ. కుర్రాడు ఇప్పటికీ తింటాడు. పెద్దాయన ఇప్పటికీ ముట్టడు. ఆ డిసెంబరులో మాత్రం పెద్దాయన అరిసెల డబ్బా తెచ్చి ముందు వాడి చేతిలో పెట్టి, "మీ మేనేజరుకి కూడా తీసుకెళ్లు" అన్నాడు.

పనికిరాని మాటలు కొన్ని

మా గోడ మీద రాసి లేవు గానీ అందరికీ తెలుసు. "వాక్యం స్పష్టంగా చెబుతోంది" అనకూడదు. స్పష్టంగా ఉంటే పదిహేను మందిమి ఇక్కడెందుకు కూర్చుంటాం? "నాకు అర్థమైంది ఇది" అంటే చాలు. "నీచేత సాతాను మాట్లాడిస్తున్నాడు" అంటే ఆ రోజుకి కూడిక అయిపోయినట్టే, లేచి టీ పెడతాను. కష్టమైనది "దేవుడు నాతో చెప్పాడు" అన్నది. దాన్ని కొట్టిపారేయలేం, అబద్ధమనలేం, ఒప్పుకుంటే చర్చ ఉండదు. నేను ఇలా అంటాను: "మీతో చెప్పింది మీరు పాటించండి. మాకు చెప్పేదాకా మమ్మల్ని ఆగనివ్వండి." ఇంతవరకు ఎవరూ అలగలేదు.

అన్నిటికన్నా ప్రమాదం ముగింపు ప్రార్థన. చర్చలో ఓడిపోయానని అనిపించినవాళ్లు కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ గదిలో కొందరి గర్వాన్ని విరగ్గొట్టు" అని మొదలుపెడతారు. దానికెవరూ జవాబివ్వలేరు కదా! అందుకని మా దగ్గర ముగింపు ప్రార్థన జంటలుగా చేస్తాం. ఎవరితో ఎక్కువ విభేదించారో వాళ్ల పక్కకి వెళ్లి కూర్చుని, "నీకోసం ఏం ప్రార్థించమంటావు?" అని అడగాలి. వాళ్లు చెప్పిందే ప్రార్థించాలి, ఒక్క ముక్క కలపకూడదు. ఇప్పటిదాకా తాళి గురించి పోట్లాడుకున్న ఇద్దరు, ఒకరి షుగర్ రిపోర్టు కోసం, ఇంకొకరి అబ్బాయి ఎంట్రన్స్ ర్యాంకు కోసం ప్రార్థించుకుంటారు.

టీ చివర్లో పెట్టకండి. గొంతులు పెరిగినప్పుడు పెట్టండి. గ్లాసు చేతిలో వేడిగా ఉంటే వేలు చూపించి మాట్లాడటం కుదరదు.

చర్చకి పెట్టకూడనివి

భార్యని కొట్టడం అభిప్రాయ భేదం కాదు. పిల్లల మీద చెయ్యి వేయడం, సంఘం డబ్బు తినడం కూడా కాదు. "రెండు వైపులా విందాం" అని వీటిని చాప మీదికి తెస్తే దెబ్బలు తిన్న మనిషిని ఇంకోసారి కొట్టినట్టే. మందుల సంగతి కూడా నేను తెరిచి ఉంచను. విశ్వాసంతో బీపీ మాత్రలు మానేయొచ్చా అని చీటీ వచ్చింది ఒకసారి. సువార్త రాసిన లూకా వైద్యుడేనని గుర్తుచేసి, మాత్రలు వేసుకోమని చెప్పి, ఇంకో చీటీ తీశాను.

తేలకపోతే ఏం చేయాలి

చాలాసార్లు తేలదు. తేల్చాలని తొందరపడకండి. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకొందరు కలిసి ఒక్కటైన దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) సంగతే చూడండి, ఆ కలయిక మాటలు 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో మొదలైతే సంఘం ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. ఇరవై ఎనిమిదేళ్లు! ముడి ఎక్కడ పడిందంటే, బిషప్పు చేతులు తలపై పెట్టి అభిషేకించని పాదిరిని నిజమైన పాదిరి అనొచ్చా అన్న దగ్గర. ఆంగ్లికన్లకి అది ప్రాణం, మిగతావాళ్లకి మళ్లీ అభిషేకం అంటే ఇన్నాళ్ల సేవ వట్టిదని ఒప్పుకోవడం. చివరికి, ఉన్న పాదిరుల్ని ఉన్నట్టే తీసుకుందాం, ఇకమీదట అభిషేకాలు బిషప్పులే చేస్తారు అనుకున్నారు. ఏ సంఘానికీ మనస్సాక్షి ఒప్పని పాదిరిని పంపబోమని మాట కూడా ఇచ్చుకున్నారు. ఆ కలయిక కోసం అంత కష్టపడ్డ దోర్నకల్ బిషప్ అజరయ్యగారు 1945 జనవరి 1న పోయారు, చూడలేదు. మా లూథరన్లూ, మా అత్తగారి బాప్టిస్టులూ అందులో కలవనే లేదు. అయినా సీఎస్‌ఐ వాళ్ల గుళ్లో పెళ్లికి పిలిస్తే వెళ్లి భోంచేసి వస్తూనే ఉన్నాం.

నేనొక నోట్‌బుక్ పెట్టుకున్నాను. తేదీ, ప్రశ్న, తేలిందా లేదా అన్నంతవరకే. ఎవరేమన్నారో రాయను. ఏడాది చివర్లో తీసి, తేలనివాటిల్లో ఒకటి మళ్లీ పెడతాను. ఆత్మీయ ఎదుగుదలకి కొలబద్ద ఏమిటని అడిగితే నా దగ్గరున్నది ఇంతే: అదే మనిషి అదే ప్రశ్నకి నిరుడు ఎంతసేపు మాట్లాడాడు, ఈ ఏడు ఎంతసేపు విన్నాడు. ఆర్టీసీ బాబాయ్ ఇప్పుడు ఒక్కసారికే తిరిగి చెప్పేస్తున్నాడు.

చెప్పులు వదిలేసి వెళ్లినాయన మళ్లీ రాలేదు. ఏటా క్రిస్మస్‌కి వాళ్లింటికి కేకు, కజ్జికాయలు పట్టుకుని వెళ్తాను. వాళ్లావిడ తీసుకుంటుంది, ఖాళీ గిన్నె ఇవ్వకూడదని అందులో ఏదో ఒకటి పెట్టి ఇస్తుంది. పోయినసారి ఆయన లోపల్నుంచి "టీచరమ్మగారూ, ఇంకా బాప్తిస్మాల మీదే ఉన్నారా?" అన్నాడు. లేదండీ, ఈ వారం వినాయకుడి చందా అన్నాను. "అయితే ఎంతమంది లేచి వెళ్లారు?" అన్నాడు.